గొంతులో గొట్టం వేశారు సరే, మా భాషకి కూడా ఎందుకు వేశారు?

పోస్టు పొడుగ్గా ఉంటది, ఓపిక చేసుకుని చదవండి. తిట్టాలనిపిస్తే కామెంట్లలో తిట్టండి, కానీ సగం చదివి తిట్టొద్దు.

పోయిన వారం ఈ గ్రూపులోనే ఒక చెల్లి రాసింది, ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్న మనోళ్ళతో ఎవరూ మాట్లాడట్లేదని. దాని కింద ఒక సీనియర్ అన్న, "గొంతులో గొట్టం ఉన్నోడికి మాటలేంటి తమ్ముళ్ళూ, ముందు బతకనివ్వండి" అని పెట్టాడు. బోలెడు లైకులు పడ్డాయి. ఆ అన్న మీద మాకు గౌరవం ఉంది. సీటు విషయంలో, స్కాలర్‌షిప్ విషయంలో మాకు ఎన్నిసార్లు సాయం చేశాడో లెక్కలేదు. కానీ ఈ మాట మాత్రం తప్పు. అందుకే ఈ జవాబు.

మేము అంటే ఒక పోస్ట్ మెట్రిక్ హాస్టల్‌లో ఒకే వరండాలో ఉండే కొంతమందిమి. కోయోళ్ళం ఉన్నాం, గోండులం ఉన్నాం, ఒక కొలాం తమ్ముడు, ఇద్దరు లంబాడీలు. మా ఇళ్ళల్లో కాలేజీ గేటు దాటింది మేమే మొదలు. మేము డాక్టర్లం కాదు. కానీ ఊళ్ళో ఎవరికి జబ్బు చేసినా ఆస్పత్రికి వెంట పోయేది, ఆరోగ్యశ్రీ కౌంటర్ దగ్గర నిలబడేది, "చదువుకున్నోళ్ళు మీరే అడగండి" అని ముందుకు తోస్తే అడిగేది మేమే. అడిగి అడిగి, చదివి, నర్సింగ్ చదివే అక్కల నోట్సులు చూసి తెలుసుకున్న సంగతులు ఇవి.

ముందు గొట్టం గురించి. మనకి మాట ఎలా వస్తది? ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలి గొంతులో ఉండే రెండు స్వరతంత్రుల మధ్య నుంచి పోతూ వాటిని కదిలిస్తే వస్తది. వెంటిలేటర్ గొట్టం నోట్లోంచి సరిగ్గా ఆ రెండింటి మధ్య నుంచే కిందికి దిగుతది. దాని చివర దగ్గర ఒక చిన్న గాలిబుడగ ఉంటది, గాలి పక్కనుంచి పైకి రాకుండా అడ్డుకుంటది. కాబట్టి గాలి పైకి రాదు, మాట రాదు. అంతే. మాట పోవడమంటే గొట్టం వల్ల వచ్చిన అడ్డంకి, తెలివి పోవడం కాదు. గొట్టం తీసేస్తే మామూలుగా గొంతు మళ్ళీ వస్తది, కొన్నాళ్ళు బొంగురుగా ఉన్నా సరే. ఈ రెండు ముక్కలు ఆ మంచం మీద ఉన్న మనిషికి ఆయన భాషలో ఎవరైనా చెప్పారా? మా ప్రశ్న మొత్తం ఇక్కడే ఉంది.

"మత్తులో ఉంటారు కదా, వాళ్ళకేం తెలుస్తది" అనేవాళ్ళకి ఒక మాట. ఒకప్పుడు వెంటిలేటర్ పెట్టగానే పూర్తిగా మత్తులో ముంచి ఉంచేవాళ్ళు. 2000 సంవత్సరంలో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధన, రోజుకోసారి మత్తు ఆపి మనిషిని మేలుకోనిస్తే వెంటిలేటర్ మీద గడిపే రోజులు తగ్గుతాయని చూపించింది. 2013లో, మళ్ళీ 2018లో అక్కడి క్రిటికల్ కేర్ సంఘం ఇచ్చిన మార్గదర్శకాలు కూడా వీలైనంత తేలిక మత్తే మంచిదన్నాయి. అంటే మంచి వైద్యం జరిగే కొద్దీ గొట్టంతో ఉన్న మనిషి మేలుకునే ఉంటాడు. మేలుకుని, అన్నీ వింటూ, ఒక్క ముక్క చెప్పలేక. ఆ స్థితిలో ఉన్నోడికి మాటలేంటి అని అడిగితే ఏం చెప్పాలన్నా?

మనోళ్ళు వెంటిలేటర్ దాకా ఎందుకు పోతారో కూడా చూడండి. పత్తి చేలల్లో పురుగుమందు. మెదడుకెక్కిన మలేరియా. సికిల్ సెల్ ఉన్నోళ్ళకి ఛాతీలో సమస్య ముదిరితే. అన్నిటికంటే ముఖ్యంగా పాము. 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో 12 లక్షల మంది పోయారు, అంటే ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పేరుంది. ఇందులో కట్లపాము సంగతి వేరు. రాత్రి నేల మీద పడుకున్నోళ్ళని కరుస్తది, చాలాసార్లు నొప్పే తెలియదు. తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, తర్వాత మింగలేకపోవడం, తర్వాత ఊపిరి అందకపోవడం. దాని విషం నరానికీ కండకీ మధ్య సంబంధాన్ని తెంపుతది. ఒళ్ళంతా చచ్చుబడుతది కానీ మెదడు పనిచేస్తూనే ఉంటది. కనుపాపలు కూడా వెలుతురుకి కదలకుండా పోవచ్చు, చూసి మెదడు చచ్చిపోయిందని పొరపాటు పడొద్దని వైద్య మార్గదర్శకాల్లోనే హెచ్చరిక ఉంది. అంటే మన మనిషి శవంలా పడుంటాడు, పక్కన నిలబడి మాట్లాడేవన్నీ వింటుంటాడు.

మాలో ఒక తమ్ముడి పెద్దనాన్నకి ఇదే జరిగింది. ఏ ఆస్పత్రో రాయం, ఏ ఆస్పత్రి అయినా ఇట్లనే జరిగేది. 108లో తీసుకుపోయారు, అక్కడి నుంచి పెద్దాస్పత్రికి పంపారు, గొట్టం వేశారు. గొట్టం వేయబట్టే బతికాడు, అది కాదనం. రెండో రోజుకి చేతివేళ్ళు, పాదాలు కొంచెం కదిలాయి. గొట్టం పీక్కుంటాడని చేతులు మంచానికి కట్టారు. ఆయన పాదంతో మంచం తన్నడం మొదలుపెట్టాడు. గొడవ చేస్తున్నాడని మత్తు ఇంజెక్షన్. లేవగానే మళ్ళీ తన్నడం, మళ్ళీ ఇంజెక్షన్. బయట పెద్దమ్మ కూర్చుని ఉంది, రోజుకి పది నిమిషాలు లోపలికి పంపేవాళ్ళు, ఆ పది నిమిషాలూ ఆమె ఏడ్చేది. గొట్టం తీశాక ఆయన కోయలో అడిగిన మొదటి మాట, పక్కలో పడుకున్న మనవడు ఉన్నాడా పోయాడా అని. వాణ్ణి కూడా పాము కరిచిందేమో అని అన్ని రోజులూ ఆ ఒక్కటే అడగాలని కొట్టుకున్నాడు. మనవడు బాగానే ఉన్నాడు, బయట పెద్దమ్మ ఒళ్ళోనే ఆడుకుంటున్నాడు. గాజు తలుపుకి అటు ఒకరు, ఇటు ఒకరు. ఇంకో సంగతి కూడా చెప్పాడు, తన గొంతు కోసేశారనుకున్నాడట. ఇక జన్మలో మాట రాదనుకున్నాడట.

ఇప్పుడు చెప్పండి, ఆయనకి ఇవ్వాల్సింది ఇంజెక్షనా, జవాబా?

ఈ విషయం మీద వేరే దేశాల్లో పని జరగలేదని కాదు. బొమ్మల చార్టులున్నాయి, కళ్ళ కదలికతో నడిచే కంప్యూటర్లున్నాయి. ఫ్రాన్స్‌లో జాన్ డొమినిక్ బోబీ అనే పత్రికా సంపాదకుడు 1995లో పక్షవాతం వచ్చి ఎడమ కనురెప్ప తప్ప ఏదీ కదపలేని స్థితికి చేరాడు. ఎదుటి మనిషి అక్షరాలు ఒక్కొక్కటే చదువుతుంటే, కావాల్సిన అక్షరం దగ్గర రెప్ప వేసేవాడు. అట్లా ఒక పుస్తకమే రాయించాడు, 1997లో అచ్చయింది. ఒక్క రెప్పతో పుస్తకం! చదివినప్పుడు మాకు ఒళ్ళు జలదరించింది. వెంటనే ఇంకోటి కూడా తట్టింది. ఆయనకి అక్షరాలొచ్చు. ఎదుటి మనిషిది కూడా అదే భాష. మా అవ్వకి ఈ రెండూ లేవు. రెప్ప మాత్రం ఉంది.

మనోళ్ళ నోరు రెండుసార్లు మూతపడుతున్నది అంటున్నాం మేము. మొదటిసారి గొట్టంతో, అది ప్రాణం కోసం. రెండోసారి భాషతో, అది ఎవరి కోసం? చార్టు పెట్టిన చోట కూడా అది ఇంగ్లీషులో ఉంటది, మహా అయితే తెలుగులో. నీళ్ళనే తీసుకోండి. కోయలో ఏరు, గోండిలో ఏర్, సవరలో డా, లంబాడీలో పాణి. మెడ దగ్గర రంధ్రం చేసి గొట్టం పెట్టినప్పుడు నోరు ఖాళీగా ఉంటది, పెదాలు కదిలించి చెప్పొచ్చు. మా అవ్వ పెదాలతో "ఏరు" అంటే తెలుగు నర్సమ్మకి అర్థమైతే గియితే వాగు అనుకుంటది. ఐసీయూలో వాగు గురించి ఎందుకు అడుగుతది, మతి చెడింది అని రాసుకుంటది. నవ్వొస్తుందా? మాకూ నవ్వొచ్చింది, కాసేపే.

మతి చెడిందో లేదో తేల్చడానికి ఐసీయూల్లో ఒక పరీక్ష ఉంది, పేరు క్యామ్ ఐసీయూ. 2001లో అమెరికాలో తయారైంది. గొట్టం ఉన్నోళ్ళకి కూడా పనికొచ్చేలా చేశారు, మంచి పనే. అక్షరాలు వరసగా చదువుతారు, "ఎ" వినపడ్డప్పుడల్లా చెయ్యి నొక్కాలి. తర్వాత అవును కాదు ప్రశ్నలు. రాయి నీళ్ళ మీద తేలుతుందా, సముద్రంలో చేపలుంటాయా, ఒక పౌను రెండు పౌన్ల కంటే బరువా, మేకు కొట్టడానికి సుత్తి వాడొచ్చా. రాయి తేలదని మా అవ్వకి తెలియదా? గోదాట్లో పుట్టి పెరిగిన మనిషి. కానీ అడిగేవాళ్ళు అర్థంకాని భాషలో అడిగితే చెయ్యి ఎప్పుడు నొక్కాలో ఎట్లా తెలుస్తది? ఆ పరీక్షని ఎన్నో భాషల్లోకి మార్చుకున్నారు, అంటే అర్థమయ్యే భాషలోనే అడగాలని చేసినోళ్ళకీ తెలుసు. మన దగ్గర అడిగేది తెలుగులో, ఫెయిలయ్యేది మనం. ఫెయిలైతే కాగితం మీద "గందరగోళంగా ఉంది" అని పడుతది. చిన్నప్పుడు ఒకటో తరగతిలో తెలుగు అర్థంకాక నోరు తెరవని పిల్లల్ని మొద్దులని వెనక బెంచీలో కూర్చోబెట్టారే, సరిగ్గా అదే. ఆ బెంచీ మంచమైంది.

ఇప్పుడు మన అన్నలు, మిత్రులు చెప్పే అభ్యంతరాలు.

"ముందు రోడ్లు, అంబులెన్సులు, డాక్టర్ పోస్టులు అడగాలి, ఇవి చిన్న విషయాలు" అంటారు. రోడ్డు కోసం ధర్నాకి పిలిస్తే మేము రాలేదా? డోలీలో మోసుకొచ్చి, అంబులెన్సు ఎక్కించి, వంద కిలోమీటర్లు తీసుకుపోయి, అక్కడ మంచం మీద పడేశాక మన మనిషి మూగజీవం అయిపోతే ఆ రోడ్డు ఎవరికోసం వేసినట్టు? పైగా రోడ్డుకి కోట్లు కావాలి, కాంట్రాక్టర్ కావాలి. దీనికి ఒక అట్ట, లామినేషన్, ఒక ఫోన్ రికార్డింగ్ కావాలి. చిన్న విషయమే అయితే ఇన్నేళ్ళు ఎందుకు కాలేదు?

"మన భాషలకి లిపి లేదు కదా, చార్టు ఎట్లా రాస్తారు" అని ఇంకొకరు. లిపి లేదని ఎవరు చెప్పారు? నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటొచ్చింది. సవర భాషకి 1936లోనే మంగేయ్ గొమాంగో లిపి చేశాడు. ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల వాచకాలు కూడా వచ్చాయి. సరే, లిపి సంగతి పక్కన పెట్టండి. చదువురాని మనిషికి ఏ లిపైతే ఏంటి? కావాల్సింది చెవికి. ఛత్తీస్‌గఢ్‌లో సీజీనెట్ స్వర అని 2010లో మొదలైంది, మామూలు ఫోన్లో మాట రికార్డు చేసి వినిపించే పద్ధతి, గోండి కూడా అందులో నడిచింది. రాయడం రానోళ్ళు కూడా తమ కష్టం చెప్పుకున్నారు. అదే దారి ఇక్కడ.

"ఫోన్లో అనువాదం యాప్‌లున్నాయి" అని మన ఇంజినీరింగ్ తమ్ముళ్ళు. తమ్మీ, యాప్ వినాలంటే గొంతు ఉండాలి. ఇక్కడ లేనిదే అది.

"నర్సులకి టైముండదు." ఇది నిజమే. మా కోపం నర్సు అక్కల మీద కాదు. ఒక్క మనిషికి అన్ని మంచాలు అప్పజెప్పినోళ్ళ మీద. కానీ లెక్క వేసి చూడండి. పెద్దనాన్న తన్నినప్పుడల్లా పరుగెత్తి, కట్లు బిగించి, ఇంజెక్షన్ ఎక్కించడానికి పట్టిన టైము ఎంత? మనవడు బాగున్నాడు అని ఫోన్లో వినిపించడానికి ఎంత?

ఇక్కడ మనలో మనం మాట్లాడుకోవాల్సింది ఒకటుంది. మన అమ్మాయిలు నర్సింగ్, ఏఎన్ఎం, ల్యాబ్ టెక్నీషియన్ చదివి ఆస్పత్రుల్లో పనిచేస్తున్నారు. కోయ వచ్చి, గోండి వచ్చి, డ్యూటీలో నోరు మెదపనోళ్ళు ఉన్నారు. ఎందుకో మాకు తెలుసు. ఒక అక్క చెప్పింది, మన భాషలో మాట్లాడితే మిగతావాళ్ళు నవ్వుతారని, "మీ వాళ్ళొచ్చారు చూడు" అని వేళాకోళం చేస్తారని. అక్కా, ఆ సిగ్గు నీది కాదు. కానీ రాత్రి రెండింటికి ఆ మంచం మీద ఉన్న ముసలామెకి నీ నోట్లో ఉన్న భాష తప్ప ప్రపంచంలో వేరే తోడు లేదు. నిన్ను నవ్వులపాలు చేసే వార్డులో ఆ భాషకి అదనపు జీతం ఇవ్వాలని అడగాల్సింది పోయి మనం దాచుకోవడమేంటి? ఇంగ్లీషు బాగా వస్తే కార్పొరేట్ ఆస్పత్రిలో ఎక్కువ జీతమిస్తారు కదా.

పాముకాటు మందు సంగతి కూడా గుర్తు చేసుకోండి. చెన్నై దగ్గర ఇరుల ఆదివాసీల సహకార సంఘం 1978 నుంచి పాముల విషం తీసిస్తున్నది, దేశంలో కంపెనీలు విరుగుడు మందు చేసేది ఎక్కువగా ఆ విషంతోనే. ఇరుల పెద్దలు ఇద్దరికి 2023లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఆదివాసీ చేతులు తీసిన విషంతో చేసిన మందు ఐసీయూ దాకా పోతది, ఆదివాసీ భాష మాత్రం గేటు దగ్గరే ఆగిపోతది. ఇదేం లెక్క?

కష్టం ఉన్నోడే దారి కనిపెడతాడని చెప్పడానికి ఒకటి. మెడ దగ్గర గొట్టం ఉన్నోళ్ళు మాట్లాడటానికి ఒక చిన్న కవాటం ఉంది, పాసీ మ్యూర్ వాల్వ్ అంటారు. అందులో మ్యూర్ అంటే డాక్టర్ కాదు. కండరాల జబ్బుతో వెంటిలేటర్ మీద బతుకుతున్న డేవిడ్ మ్యూర్ అనే 23 ఏళ్ళ కుర్రాడు. మాట పోయిందని ఊరుకోకుండా 1985లో తనే ఆలోచించి చేశాడు. మన కంటే రెండు మూడేళ్ళు పెద్దోడు. ఆ వాల్వ్ పెట్టేటప్పుడు గొట్టం చివర గాలిబుడగ తప్పకుండా ఖాళీ చెయ్యాలి, లేకపోతే ఊపిరి బయటికి పోయే దారే ఉండదు, ప్రాణం మీదికొస్తది. అందరికీ కుదరదు కూడా. కాబట్టి అది డాక్టర్ల పని, మనం గొట్టాల జోలికి పోవద్దు. మనం అడగొచ్చు, "మా వాళ్ళకి అది కుదురుతుందా సార్" అని. అడగడానికి భయపడొద్దు. 2018లో జాతీయ మానవ హక్కుల సంఘం తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో, జబ్బు గురించి, చేసే వైద్యం గురించి రోగికి తెలిసిన భాషలో, అర్థమయ్యేలా చెప్పాలని ఉంది. తెలిసిన భాష అంటే రోగికి తెలిసింది, ఆస్పత్రికి తెలిసింది కాదు.

మరి మేమేం చేస్తున్నామంటే, ఇదీ సంగతి. మొదట ఒక నిమిషం రికార్డింగ్, మన భాషలో. "నువ్వు ఆస్పత్రిలో ఉన్నావు. ఊపిరి కోసం గొంతులో గొట్టం పెట్టారు. అందుకే మాట రావట్లేదు, తీశాక వస్తది. పీక్కోవద్దు. మీవాళ్ళు బయటే ఉన్నారు. అవును అంటే ఒకసారి చెయ్యి నొక్కు, కాదంటే రెండుసార్లు." చెయ్యి కదలకపోతే కాలివేలు, అదీ లేకపోతే కన్ను. కట్లపాము కాటులో రెప్పలే ముందు వాలిపోతాయి కాబట్టి కన్ను మీద ఆధారపడొద్దు, ఏది కదులుతుందో ముందు చూసుకోవాలి. ఆ తర్వాత ప్రశ్నలు, ఒక్కొక్కటే, మధ్యలో ఆగి. నొప్పా? కఫం లాగాలా? ఊపిరి ఆడట్లేదా? నోరెండిందా? పక్కకి తిప్పాలా? దొడ్డికొస్తుందా? భయమేస్తుందా? ఇంట్లోవాళ్ళ గురించి అడగాలా? ఈ ఆఖరిది మేము చూసిన ఏ చార్టులోనూ లేదు, పెద్దనాన్న వల్ల చేర్చాం. ఒకేసారి రెండు ప్రశ్నలు కలిపి అడగొద్దు, "నీళ్ళు కావాలా, నొప్పిగా ఉందా" అంటే చెయ్యి నొక్కితే దేనికో తెలియదు. నీళ్ళు తాగించడం కుదరకపోతే తడి గుడ్డతో పెదాలు తుడవమని నర్సు అక్కని అడగొచ్చు.

దాంతోపాటు ఒక బొమ్మల అట్ట. మా గోండు తమ్ముడు బొమ్మలేస్తున్నాడు. దొరికిన అట్టల్లో దొడ్డికి కమోడ్ బొమ్మ ఉంది, అది చూసి మా తాత కుర్చీ అనుకున్నాడు. మేము చెంబు పట్టుకుని పోయే మనిషిని వేశాం. కఫం, చలి, చెమట, ఇల్లు, పిల్లలు, దేవుడు, మనిషి ఒళ్ళు ముందూ వెనకా, ఎక్కడ నొప్పో చూపించడానికి. చేతులు కట్టేసి ఉంటే మనమే ఒక్కో బొమ్మ మీద వేలు పెడుతూ పోవాలి, సరైన దగ్గర వాళ్ళు సైగ చేస్తారు. కళ్ళద్దాలు పెట్టుకునేవాళ్ళైతే అద్దాలు పెట్టండి, అవి బయట సంచిలో ఉండిపోతాయి ఎప్పుడూ.

ఐటీడీఏ పీవో గారికి ఇవ్వడానికి వినతిపత్రం రాశాం. అడిగింది మూడే. ఏజెన్సీ నుంచి రోగులు పోయే పెద్దాస్పత్రుల్లో మన భాషలు వచ్చిన మనిషిని జీతమిచ్చి పెట్టాలి, ఊరికే వాలంటీర్ అనొద్దు. వెంటిలేటర్ మీద ఉన్న గిరిజన రోగి దగ్గరికి భాష తెలిసిన ఒక్క బంధువునైనా పది నిమిషాలు కాకుండా అవసరమైనప్పుడల్లా పంపాలి. ఈ రికార్డింగులు, అట్టలు ఐసీయూల్లో అధికారికంగా పెట్టాలి. సంతకాలు ఇప్పటికి మా హాస్టల్‌వి, పక్క గర్ల్స్ హాస్టల్‌వి అయ్యాయి.

కోయ, గోండి, లంబాడీ రికార్డింగులు అయిపోయాయి, కింద పెడుతున్నాం, తప్పులుంటే చెప్పండి. భద్రాచలం కోయకీ ఏటూరునాగారం కోయకీ తేడా ఉందని ఇప్పటికే కొట్లాట మొదలైంది, రెండూ పెడతాం. కొలామీ మా తమ్ముడొక్కడే చేశాడు, ఇంకో పెద్ద మనిషి గొంతు కావాలి, ఆడ గొంతైతే ఇంకా మంచిది. సవర, కువి, కొండ భాషలకి సీతంపేట, పార్వతీపురం, పాడేరు వైపు నుంచి ఎవరూ లేరు. ఆ వైపు వాళ్ళు ఆదివారం లోపు మెసేజ్ పెట్టండి. సీనియర్ అన్నా, కోయ రికార్డింగులో "కఫం లాగాలా" అనే ముక్కకి సరైన మాట దొరకలేదు మాకు. మీ అమ్మని అడిగి చెప్పగలవా?